గూడు కట్టు కాలమున కొండపై రెండు దినములు

పక్షిని చూచుట వేరు. ఆ పక్షి ఆ తావుననే గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచుచున్నదని తెలిసికొనుట వేరు. చెరువుగట్టున నిలిచి కొంగల బారును లెక్కించుట కన్నులున్న వారందరికిని సాధ్యమే. కాని ఒక కొండవాలున, ముండ్లపొదలలో, బండల సందులలో ఏయే జాతుల పక్షులు కాపురము చేయుచున్నవో నిర్ణయించుట అంత సులభము కాదు. అందులకొక కాలము కలదు, ఒక పద్ధతి కలదు. అన్నింటికంటె మించి ఓర్పు కావలెను. వారమంతయు కచేరీలలోను, కళాశాలలలోను పనిచేయువారు శని, ఆదివారములను ఇందులకై వెచ్చించుచున్నారు. అట్టి రెండు దినముల పని యెట్లు జరుగును, దానివలన మనకేమి తెలియును, ఏమి తెలియదు అను విషయములను ఈ ప్రసంగమున వివరింతును.

ఉదాహరణమునకు మనకు తెలిసిన కొండనే తీసికొందము. మదనపల్లెకు సమీపమున హార్స్‌లీ కొండలు కలవు. సముద్రమట్టమునకు నాలుగువేల అడుగులకు పై ఎత్తున నున్న ఈ కొండను పూర్వము ఏనుగు మల్లమ్మ కొండ అనెడివారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు ముందు మదనపల్లె ప్రాంతము కడప జిల్లాలో నుండెను. ఆ కాలమున కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర 1870 ప్రాంతమున ఇచ్చట వేసవి విడిది కట్టించుకొనుటచే కొండకు ఆయన పేరు వచ్చినది. కొండనెత్తిన పెంచిన యూకలిప్టసు చెట్లను చూచి వచ్చుటతోనే పెక్కుమంది యాత్రికులు తృప్తి పడుదురు. పక్షులకొరకు వచ్చువారు మాత్రము ఆ చెట్లక్రింద ఎక్కువసేపు నిలువరు. వారికి కావలసినది నున్నని గుండ్ల నడుమ పొదలు అల్లుకొనిన కొండవాలు, వానకాలమున మాత్రమే పారు వాగులు, మేకలు సయితము జంకు ఇరుకు దారులు.

ఆ వాలులలో నివసించు ఒక పిట్టకు మన భాషలో చక్కని పేరు కలదు. కొండ పొదపిగిలి. తల, గొంతు పసుపుపచ్చగా, రొమ్ము బూడిదవన్నెగా, తోకక్రింద మరల పసుపుపచ్చగా నుండును. దీనిని మొట్టమొదట శాస్త్రలోకమునకు వెల్లడించినవాడు థామస్ జెర్డన్. ఆయన మద్రాసు సైన్యమున వైద్యుడు. కొంతకాలము నెల్లూరిలో పనిచేసెను. 1862లో ప్రారంభమై 1864లో ముగిసిన ఆయన పక్షిశాస్త్ర గ్రంథమున ఎన్నో పక్షులకు తెలుగు పేర్లు కూడ చేర్చబడినవి. పల్లపు పొదలలో తిరుగు తెల్లకనుబొమ్మల పిట్టను పొదపిగిలి అనియు, కొండలలోని దీనిని కొండ పొదపిగిలి అనియు మనవారు పిలిచెడివారని ఆ గ్రంథము వలన తెలియుచున్నది. ఒక్క మాటను ముందు చేర్చుటతో ఏ పిట్ట ఎచ్చట నుండునో మనవారు చెప్పివేసిరి. ఆ పేరే ఒక చిన్న సర్వే యని చెప్పిన తప్పు కాదు.

ఈ కొండ పొదపిగిలి ప్రపంచమున మరెచ్చటను లేదు. దక్షిణ భారతమునందలి బండకొండలే దాని యునికిపట్టు. అందుచేత ఒక కొండపై అది కనబడినదా లేదా అనునది చాలని ప్రశ్న. అచ్చట అది సంతానమును పెంచుచున్నదా? అదియే అసలు ప్రశ్న. ఆకలిగొన్న పిట్ట మేడిపండ్లకై ఏ కొండకైనను పోవచ్చును. పిల్లలు పెరుగు కొండ తరిగిపోయినచో, మేత దొరకు కొండలు ఎన్ని మిగిలినను ఆ జాతి నిలువదు.

మన దేశమున పక్షుల సర్వేలు క్రొత్తవి కావు. 1929లో ప్రారంభమైన వెర్నే సర్వే తూర్పుకనుమలను పరిశీలించినది. 1930 దశాబ్దపు ఆరంభమున సలీం అలీ నాటి హైదరాబాదు సంస్థానమంతట తిరిగి పక్షులను పరిశోధించి, 1933, 34 సంవత్సరములలో ఆ ఫలితములను ప్రకటించెను. ఆ సర్వేలలో పక్షులను తుపాకితో కొట్టి, చర్మములను భద్రపరచి, కొలతలు తీసికొనెడివారు. నేడు మనకు జాతుల పేర్లు, వాని వ్యాప్తి తెలియుటకు ఆ శ్రమయే ఆధారము. కాని ఒక కొండపై ఎన్ని జంటలు గూళ్లు కట్టుచున్నవి, పదేండ్లకు వాని సంఖ్య పెరిగినదా, తగ్గినదా అను ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు వేరు పద్ధతి కావలసివచ్చినది. ఉత్తర అమెరికాలో 1966లోను, బ్రిటనులో 1994లోను అట్టి వార్షిక గణనలు ప్రారంభమైనవి. అందు పాల్గొనువారిలో అధికులు జీతము తీసికొనని స్వచ్ఛంద కార్యకర్తలు. వారి ఆయుధములు దుర్భిణి, పెన్సిలు, చెవి.

చెవి యనుటలో అతిశయోక్తి లేదు. పొదలు దట్టముగా నున్న కొండపై లెక్కకు వచ్చు పక్షులలో ఎక్కువ భాగము ముందు చెవిని పడును; తరువాతనే కన్నులకు చిక్కును. కొన్ని కన్నులకు చిక్కనే చిక్కవు. ధ్వనితో బ్రతుకు రేడియోవారికి ఈ సంగతి ప్రత్యేకముగా ప్రీతి కలిగించును. మనకు తెలిసినంతలో మొట్టమొదటి పక్షిగాన ముద్రణము 1889లో జర్మనీలో జరిగినది. లుడ్విగ్ కాఖ్ అను బాలుడు మైనపు గొట్టముపై ముద్రించిన ఆ పాట, పంజరములోని షామా పిట్టది. అది జర్మను పక్షి కాదు. మన దేశపు అడవులలో పాడు పక్షి!

ఇక పని యెట్లు సాగునో చూతము. రిజర్వు అడవి యైనచో ముందుగా అటవీశాఖవారి అనుమతి పొందవలెను. పటముపై ఒక కిలోమీటరు పొడవుగల మార్గము నొకదానిని గీచి, దానిని 200 మీటర్ల చొప్పున ఐదు భాగములు చేయుదురు. బ్రిటనులో అనుసరించు పద్ధతి యిదియే. మన కొండలకును సరిపడును. కాలిబాట యున్నచోటనే నడువవలెనని ఆశ పుట్టుట సహజము. కాని బాట ప్రక్క నుండు పక్షులు కొండయంతటికిని ప్రతినిధులు కావు. బాట ప్రక్క పొదలు నరకబడియుండును, మేకలు మేసియుండును. అందుచేత బండలు, పొదలు, వాగు, కొండకొమ్ము అన్నియు కొంత కొంత తగులునట్లు మార్గమును ఎన్నుకొనవలెను. ఎలుగుబంటి తిరుగు కొండలగుటచే ఒంటరిగా పోరాదు. ఇద్దరు కలిసి పోయినచో ఒకరు విందురు, ఒకరు వ్రాయుదురు.

శనివారము తెల్లవారక ముందే మార్గపు మొదటికి చేరవలెను. సూర్యోదయమునకు కొంచెము ముందునుండి రెండు మూడు గంటలు పక్షులు ఎక్కువగా పలుకును. ఎండ యెక్కిన కొలది పలుకులు తగ్గును. గాలి వీచినను, వాన కురిసినను ఆనాటి లెక్కను మానుటయే మేలు. వినబడని పిట్టను లేదని వ్రాయుట లెక్క కాదు. కొండలలో మరియొక చిక్కు కలదు. ఒక బండకు తగిలిన ధ్వని ఎదుటి బండనుండి వచ్చినట్లు తోచును. వాగు పారుచున్నపుడు సన్నని కూతలు దానిలో కలిసిపోవును. కావున ప్రతి భాగమునందును ఒక్కొక్కసారి నిలిచి, తల రెండు వైపులకును త్రిప్పి విని, తరువాతనే వ్రాయవలెను.

వ్రాయునది పిట్ట పేరు మాత్రమే కాదు. నడక దారికి అది ఎంత దూరమున నున్నదో కూడ వ్రాయుదురు. 25 మీటర్లలోపుదా, 25 నుండి 100 మీటర్ల నడుమదా, ఆ పైదా అని మూడు పట్టీలు. ఇందలి యుక్తి చిన్న లెక్కతో బోధపడును. ఒక కిలోమీటరు దారికి ఇరువైపుల 25 మీటర్ల చొప్పున తీసికొన్న నేల 5 హెక్టార్లు. 25 నుండి 100 మీటర్ల పట్టీ ఇరువైపుల కలిపి 15 హెక్టార్లు, అనగా మూడింతలు. దగ్గరి పట్టీలో ఎనిమిది పిగిలిపిట్టలు లెక్కకు వచ్చినవనుకొందము. పిట్టలు అంతట ఒకే తీరున వ్యాపించియున్నచో దూరపు పట్టీలో ఇరువదినాలుగు ఉండవలెను. మనకు పండ్రెండే లెక్కకు వచ్చినచో, ఆ దూరమున సగము పిట్టలను మనము పోగొట్టుకొనుచున్నామని అర్థము. ఇట్లు తాము చూడలేకపోయిన దానిని కూడ అంచనా వేయుట ఈ గణనకు ప్రాణము. చూచినవన్నియు కూడి, ఉన్నవన్నియు ఇవియే యనుట అమాయకత్వము.

ఇంతవరకు ఇది సంఖ్యల పని. గూడు సంగతి తెలియుటకు మరియొక దృష్టి కావలెను. పక్షిశాస్త్రజ్ఞులు ఇందులకు మూడు మెట్లను ఏర్పరచిరి. మొదటి మెట్టు, గూడు కట్టుటకు అవకాశము కలదనుట. రెండవది, కట్టుచున్నదని గట్టిగా నమ్మవచ్చుననుట. మూడవది, నిశ్చయముగా తేలినదనుట.

గూడు కట్టు కాలమున, తనకు తగిన తావున పక్షి కనబడినను, మగపక్షి పాడుచు వినబడినను అది మొదటి మెట్టు. కాలము అను మాట ఇచ్చట ముఖ్యము. శీతకాలమున హిమాలయముల నుండి వచ్చి మన చెట్ల ఆకులలో తిరుగు వేలెడంత పిట్టలు కొన్ని కలవు. అవి నెలల తరబడి ఇచ్చట పలుకుచునే యుండును గాని గూడు కట్టవు. వేసవి రాగానే ఉత్తరమునకు పోయి అచ్చట సంతానమును పొందును. పొన్నంకి పిట్ట మన తోటలలో శీతకాలపు అతిథియే. ఆంగ్లేయులు దానిని పిలుచు పేరు, శాస్త్రజ్ఞులు దాని ప్రజాతికి పెట్టిన పేరు రెండును మన తెలుగుమాటయైన పిట్ట నుండి పుట్టినవే. పేరు మనదైనను, అది మన కొండపై కనబడినంత మాత్రమున గూడు మనయింట కట్టినట్లు కాదు.

ఆడుమగలు జంటగా తిరుగుట, ఒకదానిముందొకటి విన్యాసములు చేయుట, మనము సమీపింపగా ఆందోళనతో అరచుట రెండవ మెట్టు క్రిందికి వచ్చును. అదే కొమ్మపై అదే మగపక్షి వారము గడచిన తరువాత కూడ పాడుచున్నచో, ఆ తావు దాని సొంతమని తలపవచ్చును. గూడు కట్టుచుండగా చూచినను కొన్ని జాతుల విషయమున ఇంతకంటె ముందునకు పోరాదు. గిజిగానిని చూడుడు. మగగిజిగాడు సగము గూడు అల్లి, దానిని పట్టుకొని వ్రేలాడుచు రెక్కలార్చి ఆడుపిట్టలను పిలుచును. ఆడుపిట్ట వచ్చి పరీక్షించి, నచ్చినచో కాపురమునకు వచ్చును, నచ్చనిచో పోవును. నచ్చని గూడు సగములోనే నిలిచిపోవును. ఈతచెట్టునకు ఇరువది గూళ్లు వ్రేలాడుచున్నవని ఇరువది సంసారములు లెక్కించిన పొరపాటే.

మూడవ మెట్టునకు తిరుగులేని సాక్ష్యము కావలెను. ముక్కున పురుగును పట్టుకొని మ్రింగక, ఒకే పొదవైపు మాటిమాటికి పోవు తల్లి. పిల్లల రెట్టను తెల్లని సంచివలె ముక్కున కరచుకొని దూరముగా పారవేయు తండ్రి. ఎగురుట సరిగా రాక కొమ్మపై తడబడు, తోక పొట్టిదైన పిల్ల. నేలపై గ్రుడ్లుపెట్టి, మనలను ప్రక్కదారి పట్టించుటకు రెక్క విరిగినట్లు నటించు పక్షి. వీనిలో ఏ ఒక్కటి కనబడినను చాలును. కోకిల విషయము మరియు విచిత్రము. అది గూడు కట్టదు. కాకిగూటిలో గ్రుడ్డు పెట్టును. కాకి తన నోటి మేతను కోకిలపిల్ల నోట పెట్టుచుండగా చూచినచో, ఆ తావున కోకిల సంతానము పెరుగుచున్నదనుటకు అంతకంటె సాక్ష్యమక్కరలేదు.

మూడవ మెట్టున గూటిని వెదకి పట్టుకొనవలసిన పని లేదని శ్రోతలు గమనింతురు గాక. అందుచేతనే శనివారపు సాయంకాలము నడక మాని, ఒకచోట కూర్చుందురు. ఉదయమున పిగిలిపిట్టలు కలవరపడిన వాలునకు ఎదురుగా, వానికి భయము కలుగని దూరమున, ఒక బండనీడను చేరి దుర్భిణితో చూచుచుందురు. గంటసేపు ఏమియు జరుగకపోవచ్చును. తరువాత ఒక పిట్ట పండునో మిడుతనో పట్టుకొని పొదలో దూరి, రిక్తముఖముతో తిరిగివచ్చును. పది నిమిషములకు మరల అదే జరుగును. పిల్లలు ఎచ్చట నున్నవో అదియే చెప్పినది. మనము లేచి పోయి పొదలను విడదీయనక్కరలేదు.

చీకటి పడిన తరువాత కొంతసేపు గుడ్లగూబలకై విందురు. కాని ఎండకాలమున వానిని వినుట వలన గూటి సంగతి తేలదు. బండకొండలలో నివసించు పెద్ద గుడ్లగూబ చలికాలముననే బండ అరుగులపై గ్రుడ్లు పెట్టును. వేసవి ముదురునప్పటికి దాని పిల్లలు ఎగిరిపోవును. గిజిగానికి, జీనువాయికి వానలు పడి గడ్డి పెరిగిన పిదప గాని కాలము రాదు. పిగిలి జాతులు ఈ రెండింటికి నడుమ. అనగా ఏ ఒక్క శని, ఆదివారములును కొండయందలి సంసారములన్నింటిని చూపజాలవు.

ఆదివారము ఉదయమున అదే మార్గమును కడనుండి మొదటికి నడుతురు. శనివారము ఎండ యెక్కిన పిదప చూచిన భాగమునకు నేడు తెల్లవారుజాము లభించును. నిన్న తొలిజామున చూచిన భాగము నేడు కడపటిదగును. రెండు లెక్కలకు తేడా ఎంతో వచ్చినచో అది పక్షులలోని తేడా కాదు, వేళలోని తేడా యని తెలియును. తరువాత అనుమానముగా మిగిలిన తావులకు మరల పోయి చూతురు. మధ్యాహ్నము చెట్టునీడను ఇద్దరును కూర్చుండి రెండు పుస్తకములను సరిచూచుకొందురు. జ్ఞాపకమును నమ్మి ఆ మరునాడు వ్రాయుదమనుట పనికిరాదు.

ఇట్లు రెండు దినములు శ్రమించినను నిర్ణయములు పెక్కు మొదటి మెట్టుననే నిలిచిపోవును. మగపక్షి ఒకే తావున వారము తరువాత పాడవలెనన్న నియమము శని, ఆదివారముల నడుమ నెట్లు తీరును? కావుననే అదే మార్గమున ఏడాదికి కనీసము రెండుసార్లు నడువవలెను: ఒకటి ఏప్రిలు, మే నెలలలో, ఒకటి తొలివానల పిదప. పిగిలిపిట్ట గ్రుడ్లను పొదుగుటకు రెండు వారములు, పిల్లలు గూడు విడచుటకు ఇంచుమించు మరి రెండు వారములు పట్టును. నెలదినములు గడచినచో మొదట చూచిన గూడు ఖాళీ యగును. మరల చూచునది రెండవ కాన్పు కావచ్చును. ఇది యెరుగక రెండు లెక్కలను కూడినచో జంటలు లేనివి పుట్టుకొని వచ్చును.

మరియొక మాట. కనబడలేదన్న సంగతిని కూడ వ్రాయవలెను. మార్గము, వేళ, వాతావరణము, నడచినవారి సంఖ్య వ్రాసి, జిట్టకోడి లేదు అని వ్రాసినచో ఆ లేమికి విలువ కలదు. కనబడిన వానిని మాత్రమే వ్రాసినచో, వ్రాయబడని పక్షి లేకపోయినదో, చూచినవాడు దానిని ఎరుగకపోయెనో పదేండ్ల తరువాత చదువువానికి తెలియదు.

ఇక గూటి మర్యాదను గూర్చి చెప్పవలెను. గూడు కనబడినచో ఛాయాచిత్రము తీయవలెనని ఎవరికైనను ముచ్చట పుట్టును. కాని మనము పొదను తొలగించి చూచి పోయిన పిదప ఆ పొద మునుపటివలె మూసికొనదు. మన కాలిజాడ ఒక దారియగును. మనము వంగి చూచుటను చెట్టుపైనున్న కాకి చూచుచునే యుండును. మనకు ఆ గూడు ఒక వార్త. కాకికి ఒక భోజనము. ఎండకాలపు పగటివేళ తల్లి పది నిమిషములు గూటికి దూరమైనచో ఎండ తగిలిన గ్రుడ్డు చెడిపోవచ్చును. చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగా నున్నది. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుటను, గూళ్లకు అలజడి కలిగించుటను వేటలోనే చేర్చినది. తుపాకి పట్టిన వాడొక్కడే వేటగాడు కాడు. ఒక జంట రెండవ మెట్టున నిలిచిపోయినను ఫరవాలేదు. దానిని మూడవ మెట్టున కెక్కించుటకై గూటిని పాడుచేసినచో ఆ సర్వే తన ప్రయోజనమునే చెరుపుకొన్నట్లు.

ఈ కొండ పరిసరములలోనే ఇట్టి ఓర్పునకు ఫలమెట్లుండునో తెలుపు ఉదాహరణము కలదు. హార్స్‌లీ కొండలకు దగ్గరనున్న ఋషివ్యాలీలో ఎన్నో ఏండ్లుగా చెట్లు పెంచుచు, పక్షులను నిత్యము గమనించుచు వచ్చిరి. ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ అను నిరువురు ఆ పక్షులను గూర్చియు, వాని ఆవాసముల పునరుద్ధరణమును గూర్చియు 1993లో ఒక గ్రంథమును ప్రకటించిరి. ఒక లోయను గూర్చి అంత శ్రద్ధగా వ్రాసిపెట్టిన వారుండుటచేత ఆ తావున నేటి స్థితిని నాటి స్థితితో పోల్చు వీలు కలిగినది. మన కొండలలో ఎన్నింటికి అట్టి లిఖితసాక్ష్యము కలదు?

ఈ ప్రశ్న కేవలము పండితుల వేడుక కొరకు కాదు. కొండ పొదపిగిలి ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘమువారి పట్టికలో ప్రమాదమునకు గురియగు జాతులలో చేర్చబడినది. దానికి వచ్చిన ఆపదలు మన కన్నులయెదుటనే యున్నవి. అది కోరు నున్నని నల్లరాయినే గృహనిర్మాతలును కోరుచున్నారు. ఒక గుట్టను తొలిచి పలకలుగా కోసినచో ఆ గుట్ట తిరిగి రాదు. వంటచెరకునకై పొదలు నరుకుట, వేసవిలో నిప్పంటించుట, పొదల తావున ఒకే జాతి చెట్లను నాటుట కూడ ఆ పిట్టకు ఇల్లు లేకుండ చేయుచున్నవి. పైకి చూచినచో చెట్లు నాటిన కొండ పచ్చగానే యుండును. బోడిబండలు, ముండ్లపొదలు గల కొండ పనికిమాలినదిగా తోచును. పిట్ట లెక్క తెలిసిన వానికి మాత్రము ఆ పనికిమాలిన కొండయే నిండు గృహము.

గుత్తకిచ్చునప్పుడు ఒక గుట్టను గూర్చి కాగితములలో సర్వే నెంబరు, విస్తీర్ణము, రాతి నాణ్యము వ్రాయబడును. ఆ గుట్టపై ఎన్ని జంటలు గూళ్లు కట్టుచున్నవో ఎవరును వ్రాసియుండనిచో, ఆ కాగితములలో పిట్టలకు చోటు లేదు. పక్షులున్నవని నోటిమాటగా చెప్పినంత మాత్రమున చాలదు. ఫలాని సంవత్సరము, ఫలాని నెల, ఈ మార్గమున, ఈ వేళ, ఇన్ని జంటలు పిల్లలకు మేత తెచ్చుచుండగా చూచితిమని వ్రాసిన పుస్తకము ఒకటి యున్నచో, ఆ గుట్ట పక్షమున మాటాడుటకు ఒక సాక్షి దొరకినట్లగును.

దేశము మొత్తమునకు ఇట్టి సాక్ష్యములు కూడినచో ఏమి తెలియునో ఇటీవలనే చూచితిమి. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించినది. ముప్పదివేలమంది పక్షిప్రియులు వ్రాసియిచ్చిన మూడు కోట్ల పరిశీలనలు దానికి ఆధారము. దీర్ఘకాలపు మార్పును నిర్ణయింపదగిన 338 జాతులలో నూటికి అరువది తగ్గుముఖమున నున్నవని అందు తేలినది. కేరళీయులు 2015 నుండి 2020 వరకు రాష్ట్రమంతటిని చిన్నచిన్న గళ్లుగా విభజించి, ఏడాదికి రెండు ఋతువులలో నడచి, పక్షుల పటమును సిద్ధము చేసిరి. అందు పాల్గొన్నవారిలో శాస్త్రజ్ఞులకంటె సామాన్యులే ఎక్కువ. ఆ పని మన రాష్ట్రములలో కానిదేమియు కాదు.

ఇందు పాల్గొనుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. మొదట ఇంటిచుట్టు నుండు పదిజాతుల కూతలను గుర్తుపట్టుట నేర్వవలెను. కాకి, గోరువంక, పిగిలిపిట్ట, పెద్దనల్లంచి, కంసాలిపిట్ట, జెముడుకాకి, తీతువు, ఇట్లు మొదలిడినచో, పదకొండవ కూత వినబడగానే అది క్రొత్తదని చెవియే చెప్పును. కొండలలో గొర్రెల కాపరులను అడుగుట మరువరాదు. ఏ బండపై గ్రద్ద గూడు కట్టినది, ఏ వాగున నెమలి పిల్లలను త్రిప్పుచున్నది అను సంగతులు వారికి తెలిసినంతగా పుస్తకములకు తెలియవు. కాని గూడు చూపినవారికి డబ్బు ఇచ్చుట మంచిది కాదు. నేడు చూపుటకు వెదకిన చేయి రేపు తీయుటకు వెదకవచ్చును.

అన్నింటికంటె ముఖ్యమైనది మరల పోవుట. ఒక ఏటి లెక్క ఒక అంకె మాత్రమే. అదే మార్గమున, అదే పక్షమున, అదే వేళ, అదే తీరున ఐదేండ్లు నడచినపుడు ఆ అంకెలు మాటాడ మొదలిడును. వానలు తక్కువైన ఏడు పిల్లలు తగ్గునా? కాలిన వాలున పొదలు మొలచిన పిదప పిగిలిపిట్టలు ఎన్నేండ్లకు తిరిగివచ్చును? ప్రక్కగుట్టపై రాతిపని మొదలైన పిదప ఈ గుట్టపై జంటలు పెరిగినవా, తరిగినవా? ఒక్కసారి పోయి నూరు జాతుల పట్టికతో వచ్చిన వానికి ఈ ప్రశ్నలకు సమాధానము దొరకదు. ముప్పది జాతులనే చూచినను, ఏటేట అదే కొండకు పోయిన వానికి దొరకును.

మన తాతలు కొండ పొదపిగిలి అని పేరు పెట్టినపుడు ఆ పిట్టను, ఆ పొదను, ఆ కొండను ఒక్కటిగా చూచిరి. ఆ మూడును కలిసి యున్నంతకాలమే ఆ పేరునకు అర్థము. మీ ఊరికి దగ్గరనున్న గుట్టపై ఈ ఏడు ఏయే పక్షులు పిల్లలను పెంచినవో వ్రాసిపెట్టినవారు ఉన్నారేమో విచారింపుడు. లేనిచో, రానున్న వేసవిలో రెండు ఉదయములు అందులకు కేటాయింపుడు. దూరమున కూర్చుండి, చూచినది చూచినట్లు, చూడనిది చూడలేదని వ్రాయుడు. ఆ పుస్తకమును భద్రపరచుడు. మరుసటి యేడు మరల పొండు.